తలుపు తెరుచుకునే స్లైడు

మా బడికి ప్రొజెక్టరు వచ్చిన రోజున ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదు. ఈ రెంటికీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. అప్పట్లో నేనూ అడిగాను. సంబంధం ఉందని ఒక ఏడాది చాకిరీ చేశాక గానీ నాకు బోధపడలేదు.

మాది చిననాగులవరం మండల పరిషత్తు ప్రాథమిక పాఠశాల. రెండు గదులు, ఒక వరండా, ప్రధానోపాధ్యాయిని రత్తమ్మ గారు, ఆవిడ కింద నేను. మరుగుదొడ్డి తలుపు కిందటి వానాకాలం ఈదురుగాలికి ఊడి పక్కనున్న మిరపచేలో పడింది. ప్లాస్టిక్ తలుపు కదా, ఎండకి పెళుసెక్కి ఉందేమో, ముక్కలైపోయింది. కొత్తది కావాలని పైవాళ్ళకి రాశాం. "మీ విన్నపము దశలవారీ పరిశీలనలో ఉన్నది" అని జవాబు వచ్చింది. దశలెన్నో, మా తలుపు ఎన్నో దశలో ఉందో అందులో లేదు.

ఆ లోపల ఆడపిల్లలు తమ ఏర్పాటు తాము చేసుకున్నారు. ఒకరు లోపలికి పోతే ఇద్దరు గుమ్మం ముందు వీపు తిప్పి, చున్నీ అడ్డం పట్టుకుని నిలబడేవాళ్ళు. కాస్త పెద్ద పిల్లలు అదీ మానేశారు. పొద్దున బడికొచ్చింది మొదలు సాయంత్రం గంట కొట్టేదాకా నీళ్ళు ముట్టుకునేవాళ్ళు కాదు. ఐదో తరగతి చెంచులక్ష్మి వాళ్ళలో ముఖ్యురాలు. మధ్యాహ్నం గుడ్డు కూరలో కారం ఎక్కువై కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా గ్లాసు వంక చూడదు. "కాసిని తాగమ్మా" అంటే, "వద్దు సారూ, ఇంటికి పోయి తాగతా" అనేది.

ఇలా ఉండగా ఉత్తర్వు వచ్చింది. "ఇరువది ఒకటవ శతాబ్దపు నైపుణ్యములను బాల్యదశయందే అంకురింపజేయు నిమిత్తము, ప్రాథమిక తరగతుల విద్యార్థులచే డిజిటల్ సమూహ ప్రదర్శనలు చేయించవలెను" అని దాని మొదటి వాక్యం. పిల్లల్ని జట్లుగా విడదీయాలి. ప్రతి జట్టూ తమ పరిసరాల్లోని ఒక సమస్యను ఎంచుకుని, దాన్ని పరిశోధించి, పరిష్కారం కనుక్కుని, స్లైడ్లుగా చేసి తెర మీద చూపాలి. దీన్ని రచించినవారు రాష్ట్ర ప్రదర్శనాధికారి హైమావతి మేడమ్. అందులో ఏడో నిబంధన ఒకటుంది. అప్పుడు చదివి పక్కన పెట్టాను గానీ తర్వాత అది నాకు కంఠతా వచ్చేసింది: "పోటీలు ముగియువరకు ప్రదర్శనలో చూపిన వాస్తవ పరిస్థితిని మార్చరాదు. ప్రదర్శనకు, వాస్తవమునకు తేడా వచ్చినచో వాస్తవమును సరిచేయవలెను."

ఉత్తర్వు వెనకాలే ప్రొజెక్టరు, రెండు ట్యాబులు, పెద్ద తెల్ల తెర వచ్చాయి. తెర బిగించడానికి గోడ చాలక నల్లబల్లను తీసి వరండాలో పెట్టాం.

నేను పిల్లలకి నేర్పడం మొదలుపెట్టాను. అబద్ధమెందుకు, నాకంటే వాళ్ళే తొందరగా నేర్చుకున్నారు. రెండు జట్లు సౌర కుటుంబం తీసుకున్నాయి. సౌర కుటుంబం మన పరిసరాల్లోకి వస్తుందా అని నాకు అనుమానం వచ్చింది గానీ, సూర్యుడు మా ఊళ్ళోనూ ఉదయిస్తాడు కదా అని ఊరుకున్నాను. చెంచులక్ష్మి జట్టులో ఖాజాబీ, యేసురత్నం, అంకమ్మరావు ఉన్నారు. ఏం సమస్య తీసుకుంటారని అడిగితే చెంచులక్ష్మి తడుముకోకుండా చెప్పింది.

"తలుపు, సారూ."

వాళ్ళ స్లైడ్లలో బొమ్మలు తక్కువ, మాటలు ఇంకా తక్కువ. మొదటిదానిలో బడి పేరు, పిల్లల పేర్లు. రెండోదానిలో తలుపు లేని మరుగుదొడ్డి ఫొటో, కింద "మాకు తలుపు లేదు" అని. మూడోదానిలో "మేము నీళ్ళు తాగము." నాలుగోదానిలో "ఒకరు పోతే ఇద్దరం కాపలా ఉంటాము." ఐదోది పరిష్కారం. అందులో "తలుపు పెట్టండి" అని ఒక్క ముక్క. ఆ ముక్క పక్కన అంకమ్మరావు ట్యాబులో వేలితో ఒక తలుపు బొమ్మ గీశాడు. తన సొంతంగా గడియ కూడా పెట్టాడు.

ఒక స్లైడు పోయి ఇంకోటి వచ్చేటప్పుడు రకరకాల విన్యాసాలు పెట్టుకోవచ్చు కదా. వాటిని ఒక్కొక్కటే నొక్కి చూస్తుంటే యేసురత్నానికి ఒకటి దొరికింది. నాలుగో స్లైడు నట్టనడుమ చీలి, రెండు తలుపు రెక్కల్లా చెరో పక్కకీ తెరుచుకుని, లోపలినుంచి ఐదో స్లైడు ముందుకొచ్చింది. పిల్లలు నోరు తెరిచారు. మళ్ళీ నొక్కమన్నారు. ఆ పీరియడంతా అదే నొక్కారు. తలుపు తెరుచుకోవడం చూసి పిల్లలు అంత సంబరపడటం నేనెక్కడా చూడలేదు.

ఊళ్ళో తల్లిదండ్రుల్ని పిలిచి ప్రదర్శన పెట్టాం. చెంచులక్ష్మి తల్లి వెంగమ్మ మిరపచేలో కూలికి పోతుంది. ఆ పూట పని మానుకుని వచ్చి, చివరి వరసలో నిలబడి చూసింది. "మేము నీళ్ళు తాగము" అనే స్లైడు దగ్గర కూతురి వంక తిరిగి, "ఏందే, నాకు చెప్పలేదేందే?" అని గట్టిగానే అడిగింది. చెంచులక్ష్మి తలొంచుకుంది. ప్రదర్శన అయ్యాక వెంగమ్మ రత్తమ్మ గారి దగ్గరకొచ్చింది.

"టీచరమ్మా, మా పాత కొట్టం పీకేసినప్పుడు దాని తలుపు అట్టనే దాచిపెట్టాం. కొంచెం చెదలు కొట్టిందిగానీ అడ్డం ఉంటది. మా తమ్ముడు బ్రహ్మయ్య వడ్రంగం చేస్తాడు. ఆదివారం వచ్చి బిగించిపోతాడు."

రత్తమ్మ గారి కళ్ళు చెమర్చాయి. నాకూ గుండె నిండినట్టయింది. సమస్య, పరిశోధన, పరిష్కారం, అన్నీ ఒక్క పూటలో తేలిపోయాయి. ఉత్తర్వు రాసిన మహాతల్లికి మనసులోనే దండం పెట్టుకున్నాను. శనివారం పరాంకుశం గారు వచ్చేదాకా ఆ దండం అలాగే ఉంది.

పరాంకుశం గారు మా మండలానికి సమూహ ప్రదర్శనల సమన్వయకర్త. నలుగురూ కలం పెట్టుకునే జేబులో ఆయన స్లైడ్లు మార్చే మీట పెట్టుకుంటారు. మాట్లాడేటప్పుడు చెయ్యి దానంతటదే అక్కడికి పోయి నొక్కుతూ ఉంటుంది. ఇంట్లో పులుసన్నం అయ్యాక పెరుగు రావడం ఆలస్యమైతే వంటింటివైపు చూపి నొక్కుతారని మండలంలో చెప్పుకుంటారు. మధ్యలో ఎవరైనా ఏమైనా అడగబోతే అరచెయ్యి పైకెత్తి, "సందేహాలు చివర్లో" అంటారు. ఆ చివర ఎప్పుడొస్తుందో ఇంతవరకు ఎవరూ చూడలేదు.

ఆయన మా పిల్లల ప్రదర్శన చూశారు. నాలుగో స్లైడు చీలి రెక్కలు తెరుచుకోగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అద్భుతం! సమస్యకూ సాంకేతికతకూ ఇంతటి అంగాంగి సమన్వయం నా సర్వీసులో చూడలేదు. తలుపు లేకపోవడం సమస్య, తలుపులా తెరుచుకోవడం పరిష్కారం. ఇది మండల స్థాయికి ఎంపిక!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. రత్తమ్మ గారు సంతోషం పట్టలేక, "రేపు తలుపు కూడా పెట్టేస్తున్నామండీ" అన్నారు.

పరాంకుశం గారి మొహంలో రంగు మారింది. "ఏ తలుపు?"

వెంగమ్మ కొట్టం తలుపు సంగతి చెప్పాం. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకుపోయారు.

"మాస్టారూ, మీరు చదువుకున్నవారు. రేపు తలుపు పెడితే ఏమవుతుంది? రెండో స్లైడు అబద్ధమవుతుంది. పసిపిల్లల చేత అబద్ధం చెప్పిద్దామా?"

"తలుపు పెట్టి, పెట్టామని ఇంకో స్లైడు కలుపుదాం సార్" అన్నాను.

"పరిష్కారం ఐదో స్లైడులో ఉండనే ఉంది కదండీ!"

"అది తెర మీద సార్."

"ఏదైనా ముందు తెర మీదకి రావాలి, మాస్టారూ. ఆ తర్వాతే నేల మీదకి. ఏడో నిబంధన చదవలేదా?"

చదివాను గనక నోరు మూసుకున్నాను. ఆదివారం బ్రహ్మయ్య సుత్తి, మేకులు పట్టుకుని వస్తే రత్తమ్మ గారు గేటు దగ్గరే నిలబడి ఆయనకి సర్ది చెప్పి పంపించారు. ఏం చెప్పారో నేను వినలేదు. ఆయన మాత్రం మరుగుదొడ్డి వంకా ఆవిడ వంకా మార్చి మార్చి చూసి వెళ్ళిపోయాడు.

మండల స్థాయికి స్లైడ్లను "మెరుగుపరచాలని" పరాంకుశం గారు ట్యాబు తన దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. మూడో స్లైడు ఆయనకి నచ్చలేదు. "మేము నీళ్ళు తాగము" అనేది నిరాశావాదంగా ఉందట. దాన్ని కొట్టేసి "నీటి వినియోగంలో విద్యార్థినుల ఆదర్శప్రాయమైన పొదుపు" అని పెట్టారు. కాపలా ఉండటాన్ని "బృంద స్ఫూర్తి, నాయకత్వ లక్షణాల వికాసం" అన్నారు. "మాకు తలుపు లేదు" అన్నదాన్ని "అవరోధ రహిత పారిశుధ్య ప్రాంగణం" చేశారు. చెంచులక్ష్మి కూడబలుక్కుంటూ చదివి, "సారూ, ఇది మా తలుపు గురించేనా?" అని నన్నడిగింది. అవునన్నాను.

మండల స్థాయిలో మేమే గెలిచాం. డివిజను స్థాయిలోనూ మేమే. నీటి పొదుపుకి ఒక ప్రత్యేక ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. ప్రతి గెలుపుతోనూ తలుపు ఒక్కో మెట్టు దూరం జరిగింది. సౌర కుటుంబం జట్లు ఓడిపోయి హాయిగా వరండాలో నల్లబల్ల మీద బొమ్మలు వేసుకుంటున్నాయి.

వెంగమ్మకి ఇదంతా మింగుడు పడలేదు. తలుపు వద్దంటున్నారు గానీ గుడ్డ వద్దనలేదు కదా అని ఒకనాడు పొద్దున్నే తన పాత చీర తెచ్చి మరుగుదొడ్డి గుమ్మానికి కట్టిపోయింది. పచ్చటి చీర, ఎర్ర అంచు. ఆ పూట ఖాజాబీ, చెంచులక్ష్మి ఇద్దరూ అన్నంతో పాటు నీళ్ళు తాగారు. రత్తమ్మ గారు నాకు సైగ చేసి చూపించారు.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే హైమావతి మేడమ్ జిల్లాల వారీగా వీడియో సమావేశం పెట్టారు. జిల్లా స్థాయికి వచ్చిన ప్రతి బడీ తమ సమస్యను అక్కడికక్కడే కెమెరాలో చూపాలన్నారు. నేను ట్యాబు పట్టుకుని మరుగుదొడ్డి ముందు నిలబడ్డాను. మేడమ్ నిదానంగా, ఒక్కో మాటా తూచి మాట్లాడే మనిషి.

"అక్కడ ఏదో ఆకుపచ్చగా ఊగుతోంది. ఏమిటది?"

"చీరండీ."

"స్లైడులో చీర ఉందా?"

"లేదండీ."

"మరి వాస్తవంలో ఎందుకుంది?"

తెరలో పక్కపెట్టెలో ఉన్న పరాంకుశం గారు నుదురు తుడుచుకుంటూ, "తక్షణమే వాస్తవాన్ని సరిచేయిస్తాను మేడమ్" అన్నారు. సరిచేయించారు. ఆ చీర విప్పింది నేనే. మడత పెట్టి వెంగమ్మ ఇంటికి తీసుకుపోయి ఇచ్చాను. అంత సిగ్గుపడ్డ రోజు నా ఉద్యోగంలో ఇంకోటి లేదు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

"సరే సారూ" అంది. "మిరపకోతలు మొదలైనయి. రేపట్నించి పిల్ల నాతో వస్తది. చేలో అయితే కంపచెట్లన్నా అడ్డం ఉంటయ్."

అన్నట్టే మర్నాటినుంచి చెంచులక్ష్మి బడికి రాలేదు. ఆ వారమంతా రాలేదు. తరగతిలో ఎవరైనా నీళ్ళ గ్లాసు పట్టుకుంటే నాకు ఆ పిల్లే గుర్తొచ్చేది. రెండుసార్లు ఇంటికి పోయాను. తలుపు పెడితే పంపుతానంది వెంగమ్మ. ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని నా చేతిలో ట్యాబు ఉందేమోనని చూసింది. ఐదో తరగతిలో బడి మానిన ఆడపిల్ల మళ్ళీ బడి మొహం చూడటం ఎంత అరుదో నాకు తెలుసు.

జిల్లా పోటీ దగ్గర పడింది. ప్రదర్శన చెప్పే పిల్ల లేకపోతే ఎలాగని పరాంకుశం గారు గగ్గోలు పెట్టారు. "బడి మానేస్తోందండీ" అన్నప్పుడు "అలాగా" అని ఊరుకున్న మనిషి, "ప్రదర్శనకు రాదండీ" అనేసరికి కారేసుకుని నేరుగా మిరపచేలోకి వచ్చారు. బూట్లతో సాళ్ళు తొక్కుకుంటూ, ఘాటుకి తుమ్ముకుంటూ వెంగమ్మ ముందు నిలబడ్డారు.

"అమ్మా, మీ కుమార్తె ఈ జిల్లాకే గర్వకారణం. ఆమె ప్రతిభను ఈ పొలంలో..." అని ఒక తుమ్ము తుమ్మి, "ఈ పొలంలో సమాధి చేయకండి" అన్నారు.

వెంగమ్మ చేతిలో కాయలు గోతంలో వేసి అంది: "అయ్యా, ఊరూరా తలుపు బొమ్మ చూపిస్తా తిరగతుండారు. తలుపెప్పుడు పెడతారు?"

"తలుపు పెడితే ప్రదర్శన పోతుందమ్మా."

"పెట్టకపోతే పిల్ల పోతది."

"సందేహాలు చివర్లో..." అని ఆయన అలవాటు కొద్దీ చెయ్యి ఎత్తారు.

"నాకు సందేహమేం లేదయ్యా. తలుపు కనపడితేనే పిల్లని పంపేది."

పరాంకుశం గారు జేబులో మీట రెండు మూడుసార్లు నొక్కారు. అప్పుడాయన మొహం వెలిగింది.

"తలుపు చేయిద్దాం! టేకు తలుపు, ఇత్తడి గడియ. మీ కళ్ళ ముందే చేయిస్తాను. అయితే దాన్ని బడిలో పెట్టం. వేదిక మీద పెడతాం. ఐదో స్లైడు తెర మీద తెరుచుకుంటున్నప్పుడు వేదిక మీద అసలు తలుపు తెరుచుకుంటుంది. సజీవ నమూనా! సమస్య బడిలో పదిలంగా ఉంటుంది, పరిష్కారం వేదిక మీద వెలుగుతుంది. ఏడో నిబంధనకు ఏ భంగమూ లేదు."

వెంగమ్మకి సగమే అర్థమైంది. అర్థమైన సగం తలుపు. "ఎవురు చేస్తారు?" అని అడిగింది. వాస్తవికత ముఖ్యం గనక స్థానిక వడ్రంగి అయితే మంచిదన్నారు. అలా బ్రహ్మయ్య మళ్ళీ మా బడికి వచ్చాడు. ఈసారి గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. కొలతలు వాస్తవంగా ఉండాలని పరాంకుశం గారే దగ్గరుండి మా మరుగుదొడ్డి గుమ్మాన్ని టేపు పెట్టి కొలిపించారు. తయారైన తలుపు వెనక వైపున ఆఫీసు వాళ్ళు ఒక కాగితం అతికించారు: "చిననాగులవరం ప్రాథమిక పాఠశాల, బాలికల మరుగుదొడ్డి తలుపు." నమూనాలకు చీటీలు తప్పనిసరి అని ఉత్తర్వులో ఉంది మరి.

తలుపు తయారవడం చూశాక వెంగమ్మ మాట నిలబెట్టుకుంది. చెంచులక్ష్మి బడికి వచ్చింది. నీళ్ళు మాత్రం తాగలేదు.

జిల్లా దాటి రాష్ట్ర స్థాయికి పోయాం. వేదిక మీద థర్మోకోలుతో మరుగుదొడ్డి కట్టి, దానికి మా టేకు తలుపు బిగించారు. ముందు రోజు సాధన చేయించేటప్పుడు చెంచులక్ష్మి లోపలికి పోయి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడైంది. ఐదో స్లైడు వచ్చింది, పోయింది, ఆ పిల్ల బయటికి రాలేదు. పరాంకుశం గారు మీట నొక్కుతూనే ఉన్నారు. చివరికి నేను పోయి తట్టాను. గడియ తీసి, నవ్వు ఆపుకుంటూ బయటికొచ్చి నాతో మెల్లగా అంది.

"గడియ భలే గట్టిగా పడతంది సారూ. ఎవురూ తియ్యలేరు."

మర్నాడు సభలో అంతా అనుకున్నట్టే జరిగింది. తెర మీద స్లైడు చీలింది, వేదిక మీద తలుపు తెరుచుకుంది, లోపలినుంచి చెంచులక్ష్మి నమస్కారం పెడుతూ వచ్చింది. హాలు మారుమోగిపోయింది. మొదటి బహుమతి మాకే. హైమావతి మేడమ్ మైకు ముందుకొచ్చి, ఈ నమూనాను జిల్లా కార్యాలయం వరండాలో గాజు పెట్టెలో శాశ్వతంగా ఉంచుతామని ప్రకటించారు. తర్వాత వంగి, "ఇంకా నీకేం కావాలి తల్లీ?" అని ముద్దుగా అడిగారు.

"తలుపు" అంది చెంచులక్ష్మి.

సభంతా మురిపెంగా నవ్వింది. "ఇప్పుడే కదమ్మా చూపించావు!" అని మేడమ్ బుగ్గ గిల్లారు. వెంగమ్మ నా పక్క కుర్చీలో కూర్చుని ఉంది. ఆవిడ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

తిరుగు ప్రయాణంలో పరాంకుశం గారు షీల్డు ఒళ్ళో పెట్టుకుని ముందు కారులో వెళ్ళిపోయారు. పిల్లలు, వెంగమ్మ, నేను, తలుపు వ్యానులో వచ్చాం. వ్యాను ముందు మా ఊళ్ళో ఆగి, తర్వాత జిల్లా కార్యాలయానికి పోవాలి. బడి ముందు పిల్లలు దిగాక డ్రైవరు వ్యాను వెనకనున్న టేకు తలుపు పట్టుకుని నన్నడిగాడు.

"సార్, దీన్ని ఎక్కడ దించమన్నారు?"

నేను వెంగమ్మ వంక చూశాను. ఆవిడ కొంగు నడుముకి బిగించుకుని అప్పటికే ఒక అంచు పట్టుకుంది.

"దాని మీదేం రాసుందో చూడు బాబూ" అన్నాను.

అతను వెనక్కి తిప్పి పైకి చదివాడు. చిననాగులవరం ప్రాథమిక పాఠశాల, బాలికల మరుగుదొడ్డి తలుపు. ప్రభుత్వ వ్యవహారం అంత స్పష్టంగా ఉండటం అతను ఎప్పుడూ చూడలేదేమో, ఎంతో సంతోషంగా దించి వెళ్ళిపోయాడు. పొద్దుగుంకే లోపల బ్రహ్మయ్య బిగించేశాడు. చెక్క ఎక్కడా గీకాల్సిన పని పడలేదు. కొలతలు వాస్తవమైనవి కదా.

కొన్నాళ్ళు ఎవరికీ ఆ సంగతి పట్టలేదు. గాజు పెట్టె ఇంకా మంజూరు కాలేదట. ఒకనాడు పొద్దున్నే పరాంకుశం గారి ఫోను వచ్చింది.

"మాస్టారూ, హైమావతి మేడమ్ ఇవాళ మీ ఊరు వస్తున్నారు. సమస్యా స్థలి సందర్శన! ఇంకా జాతీయ స్థాయి ఉంది, పోటీలు ముగియలేదు. అంతా రెండో స్లైడులో ఉన్నట్టే ఉండాలి. అన్నట్టు, తలుపు జిల్లా ఆఫీసుకి చేరలేదంటున్నారేమిటి?"

"రెండో స్లైడు అలాగే ఉంది సార్, ట్యాబులో" అన్నాను. ఆయన ఫోను పెట్టేశారు.

మేడమ్ తెల్లవారకముందే బయల్దేరారట. దారి పొడుగునా ఆగే చోటు దొరకలేదట. ఇంటర్‌వెల్ గంట కొట్టే వేళకి కారు మా గేటు ముందు ఆగింది. మేము తెచ్చిన పూలగుత్తి అందుకోకుండానే రత్తమ్మ గారిని పక్కకి పిలిచి చెవిలో ఏదో అడిగారు. రత్తమ్మ గారు ఎంతో మర్యాదగా బడి వెనక్కి దారి చూపించారు. వరసలో నిలబడ్డ ఆడపిల్లలు పెద్దావిడ కదా అని తప్పుకుని ముందు పోనిచ్చారు.

అంతలో పరాంకుశం గారు వచ్చారు. వెంట ఒక మేస్త్రి, వాడి చేతిలో స్క్రూడ్రైవరు. గేటు దగ్గర మేడమ్ కారు చూసి ఆయనకి చెమటలు పట్టాయి.

"వచ్చేశారా! ఇంకా బడి వెనక్కి పోలేదు కదా? తొందరగా ఊడదీయించాలి!" అంటూ పరుగు తీశారు.

"సార్, ఒక్క మాట" అని వెంటపడ్డాను.

"సందేహాలు చివర్లో!"

సరేనని ఊరుకున్నాను. ఎప్పుడూ రాని ఆ చివర ఈ పూట వస్తుందని నాకు అనిపించింది. ఆయన నేరుగా పోయి తలుపు దబదబా బాదారు.

"ఎవరది లోపల? వెంటనే బయటికి రండి! ఈ తలుపు ఇక్కడ ఉండటానికి వీల్లేదు. ఏడో నిబంధన!"

పరాంకుశం గారు జేబులోంచి మీట తీశారు. ఏం చేస్తున్నారో ఆయనకే తెలిసినట్టు లేదు. తలుపుకి గురిపెట్టి నొక్కారు. మళ్ళీ నొక్కారు. టేకు తలుపు అంగుళం కదల్లేదు.

అప్పుడు లోపలినుంచి, వీడియో సమావేశంలో విన్న ఆ నిదానపు గొంతే, ఒక్కో మాటా తూచినట్టు వినిపించింది.

"పరాంకుశం గారూ. ఈ తలుపు మీద చెయ్యి వేశారంటే ఊరుకోను."

మేస్త్రి స్క్రూడ్రైవరు లుంగీలో దోపుకుని గోడ చాటుకి పోయాడు. పిల్లలెవరూ నవ్వలేదు. వాళ్ళకి ఇందులో నవ్వొచ్చే సంగతేమీ కనిపించలేదు. తలుపంటే అందుకే కదా.

వరసలో మొట్టమొదట చెంచులక్ష్మి నిలబడి ఉంది. చేతిలో స్టీలు గ్లాసు, అందులో సగం నీళ్ళు. అధికారి కదా, పెద్దమనిషి కదా అని జాలిపడి ఆయనకి చోటు చూపించింది.

"మేడమ్ అయినాక నేను సారూ. నా ఎనక ఖాజాబీ. మీక్కూడా కావాల్నంటే దాని ఎనకాల నిలబడండి."

అని మిగిలిన నీళ్ళు గటగటా తాగేసింది. పరాంకుశం గారు మీట జేబులో పెట్టుకుని వరసలో నిలబడ్డారు.